అమ్మ ఓటు, ఎంపీ గారి గ్యాస్ కూపన్

మా చిన్నప్పుడు... కాశిబుగ్గలో మా ఇంట్లో సగం మగ్గం, సగం పొగ! అమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుందంటే చాలు, దగ్గు అందుకునేది. పొగ తగలొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. గ్యాస్ కోసం పేరు రాయిస్తే ఏళ్లు పట్టే రోజులవి. తొందరగా రావాలంటే ఒకటే దారి... ఎంపీ గారి కోటాలో కూపన్.

అప్పటికే మూడుసార్లు గెలిచిన మనిషి ఆయన. పొద్దున్నే ఆయన ఇంటి ముందు అర్జీలు పట్టుకుని జనం. మా అర్జీ రాసింది నేనే, ఏడో తరగతిలో... నా చేతిరాత మీద నాకు భలే గర్వం లెండి. "చూస్త తమ్మీ" అని నాన్న చేతిలోంచి తీసుకున్నారు.

నాలుగు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో ఎలక్షన్లు వచ్చాయి. అమ్మ కోపంతో వేరే గుర్తు మీద గుద్దొచ్చింది. "నా దగ్గు ఆయనకు వినవడ్తలేదు... ఇగ ఓటెందుకెయ్యాలె?" అంది. ఆయన ఓడిపోయారు. అమ్మ వల్లే ఓడిపోయారని నాకు ఒకటే భయం.

వారం తిరక్కుండా రిక్షా దిగి మా గుమ్మంలోకి వచ్చారాయన. వెంట ఒక్కరూ లేరు. జేబులోంచి కూపన్ తీసి అమ్మకిచ్చారు.

"లేటయింది చెల్లె, ఏమనుకోకు. కోటా అయిపోయి ఆగింది. ఓడకముందే సంతకం పెట్టిన, చెల్లుతది."

అమ్మ కడుపులో ఏదీ దాగదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అన్నా... నేను మీకు ఓటెయ్యలే" అనేసింది. నాన్న కంగారుగా పీట ముందుకు జరిపాడు.

ఆయన పడీ పడీ నవ్వారు. "ఓటు నీ ఇష్టం చెల్లె. దగ్గొచ్చినోళ్లను ఎవలికేసిన్రని అడుగుతరా? జర చాయ్ పెట్టు."

ఆ కట్టెల పొయ్యి మీదే పెట్టింది అమ్మ. ఆయన ఆ పొగలోనే కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ తాగి వెళ్లారు.

తర్వాత ఇంకో మూడుసార్లు గెలిచారు. అన్నీ చేశారని అనను... మా గల్లీ మోరీ ఇప్పటికీ అట్లాగే మురుగుతో పొంగుతోంది! అమ్మ మాత్రం ప్రతిసారీ ఆయనకు ఓటెయ్యడానికి పొద్దున్నే వెళ్లి లైన్లో ముందు నిలబడేది.

వయసైపోయింది, ఇక పోటీ చెయ్యనని మొన్న చెప్పేశారాయన. టీవీలో చూసిన అమ్మ సౌండు తగ్గించి నా వైపు తిరిగింది. "ఓడిపోయినంక ఇంటికొచ్చేటోళ్లు ఉన్నరా బిడ్డా ఇప్పుడు?" అంది.

లీడర్లందరూ ఫోన్లో రోజూ కనిపిస్తున్నారు, గుమ్మంలోకి మాత్రం ఎవరూ రావట్లేదు... మీ గుమ్మం తొక్కిన అట్లాంటి మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి. అమ్మకు చదివి వినిపిస్తాను.