మరదలి కోసం పెట్టిన అర్జీ

దోహా శివారు లేబర్ క్యాంపులో షట్టరింగ్ పనిచేసే నర్సింగ్‌ని అందరూ బుచ్చన్న అనేవారు. తప్పు వాళ్ళది కాదు. వెనక మస్కట్‌లో యజమాని దగ్గర్నుంచి పారిపోయి పట్టుబడినప్పుడు, మళ్ళీ రాకూడదన్న ముద్ర పాస్‌పోర్టు మీద పడింది. ఏజెంటు దాన్ని పొయ్యిలో పడేసి, నర్సింగ్ సొంత అన్న బుచ్చన్న పేరిట కొత్తది చేయించి ఖతర్ విమానం ఎక్కించాడు. భార్య పుష్ప కూడా దోహాలోనే ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ ఇంట్లో పనికి కుదిరింది. ఎవరడిగినా "మా బావ" అనాలని వాడే నేర్పాడు. శుక్రవారం శుక్రవారం గేటు దగ్గరకు వెళ్ళి, కట్టుకున్న పెళ్ళాంతో బావలా దూరంగా నిలబడి మాట్లాడి వచ్చేవాడు. ఏం బతుకో!

తొంభై ఆరులో డాక్టరమ్మ జిబ్రాల్టర్‌కి మారుతూ పుష్పను వెంట తీసుకెళ్ళింది. అది స్పెయిన్ కొసన ఇంగ్లీషువాళ్ళు ఏలుతున్న రాతిగుట్ట. ఏడాది తిరక్కుండా పుష్పకు క్యాన్సర్ ముదిరింది. నెల బతకదన్నారు. "ఆమె భర్తను పంపించు, నేను పూచీ" అని డాక్టరమ్మ ఈ బావకే ఉత్తరం రాసింది.

ఆ గుట్టకు వీసా కావాలంటే దోహాలోని ఇంగ్లీషువాళ్ళ ఎంబసీలో అడగాలి. వాళ్ళు గుట్టమీది ఆఫీసును అడిగి చెబుతారు. ఎంబసీ గుమస్తా గౌస్ మొహియుద్దీన్ హైదరాబాదువాడు. పాస్‌పోర్టు, డాక్టరమ్మ ఉత్తరం చూసి పెదవి విరిచాడు.

"భర్తకైతే ఇస్తరు భాయ్. నువ్వు బావవి. మాఫీ, వీసా రాదు."

నిజం చెబితే జైలు. చెప్పకపోతే పుష్ప ముఖం ఇక కనబడదు.

"నేనే నర్సింగ్‌ని సార్. అది నా పెండ్లాం. జైల్ల ఏస్తే ఏయిండ్రి, ఒక్కపారి సూసొస్త," అని బల్లమీద తలపెట్టి ఏడ్చాడు. గౌస్ మనసు కరిగింది. ఎంబసీలోని ఇంగ్లీషు దొరకు నచ్చజెప్పి, ఆ మాటే గుట్టకు ఫ్యాక్స్ చేయించాడు.

నాలుగో రోజే జవాబొచ్చింది. ఆఫీసులు ఇంత చురుగ్గా పనిచేసేది పేదవాడి కొంప ముంచడానికే. గుట్టమీది ఆఫీసరు ఆసుపత్రికి వెళ్ళి, దోహాలో ఉన్నవాడు నీ భర్తేనా అని పుష్పను అడిగాడట. మగణ్ణి పట్టుకోవడానికే వచ్చారనుకుంది పిచ్చితల్లి.

"గాయిన మా బావ సార్. మా ఆయన ఊర్లె ఎవుసం జేస్తుండు," అని చెప్పి కాగితం మీద వేలిముద్ర కూడా వేసింది. వీసా లేదన్నారు.

పదో రోజు చావుకబురొచ్చింది. మంచంమీద బోర్లాపడి ఏడుస్తున్న నర్సింగ్ భుజం తట్టాడు పక్క మంచం జలంధర్.

"ఊకో బుచ్చన్నా, మరదలు సస్తే గింత ఏడుస్తరా? ముందుగాల నీ తమ్మునికి ఫోన్ జేసి ధైర్యం జెప్పు."

నర్సింగ్ లేచి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "చేస్త," అని డ్యూటీ బస్సెక్కాడు.