మా అత్తమ్మ విన్న అధ్యాయం

పోయిన వారం కోదాడలో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు నన్ను పిల్లలతో మాట్లాడమని పిలిచారు. పదో తరగతి, ఇంటరు చదివే వయసు వాళ్ల కోసం నవలలు రాసే మనిషినని వాళ్లకు ఎవరో చెప్పారట. శాలువా కప్పారు, బిస్కెట్లు పెట్టారు, మైకు మాత్రం పనిచేయలేదు. నా మాటలు అయ్యాక వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మీరు రాసింది పుస్తకం కాకముందు ఎవరన్నా చదువుతారా అండి?" అని అడిగింది. అందరూ అడిగే "మీకు ప్రేరణ ఎవరు" కంటే వెయ్యి రెట్లు మంచి ప్రశ్న. "ఎవరూ లేరమ్మా" అని కూర్చున్నాను. సూర్యాపేట బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డాక ఆ జవాబే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. నేను చెప్పింది అబద్ధం కాదు, ఇప్పుడు నిజంగానే ఎవరూ లేరు. ఇదివరకు ఒకరు ఉండేవారని, ఆమె చదివేది కాదు, వినేదని అంతమంది పిల్లల మధ్య చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆమె మా మేనత్త. మా నాన్నకు చెల్లెలు. మిర్యాలగూడలో ఉండేది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. నేను మా నాన్న పోలికతో పొట్టిగా ఉంటానని తెలిసినా "పొడుగు కోడలా" అని పిలిచేది. ఆమెకు, మామయ్యకు పిల్లలు లేరు. ఉన్న ఒక్క చెక్క బీరువాలో చీరలు కింది అరలోకి పోయి, పై అరలన్నీ సీరియళ్లతో నిండి ఉండేవి. వారపత్రికల్లో సీరియల్ వచ్చినంత కాలం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచిపెట్టి, చివరి వారం వచ్చాక వరసగా పేర్చి, బొంతలు కుట్టే దారంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేసేది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఇదే పని జరిగేది. నేను నవలలు చదవడం నేర్చుకున్నది ఆ కుట్టుపుస్తకాల్లోనే. పత్రికలోంచి చింపిన పేజీ కదా, ఒకవైపు సీరియల్ ఉంటే రెండోవైపు ఏ వంటల శీర్షికో సగం ఉండేది. అందువల్ల నాకు చిన్నప్పటి నుంచి గుత్తివంకాయ కూర మసాలా నూరేదాకా వచ్చు, పొయ్యి మీద పెట్టడం రాదు. మా ఆయన ఈ సంగతి ఇప్పటికీ నమ్మడు, నేను ఒళ్లు బద్ధకంతో అంటున్నాననుకుంటాడు.

వారానికి ఒకటి అన్నది అత్తమ్మకు ఒక నియమం. కుట్టేసిన పుస్తకమైనా సరే, ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, ఒక్క వారం భాగమే చదివేది. మిగతాది చేతిలోనే ఉంది, మడత విప్పితే చాలు. విప్పేది కాదు. నేను ఎండాకాలం సెలవుల్లో పోయి రెండు రోజుల్లో మూడు సీరియళ్లు మింగేస్తుంటే జాలిగా చూసేది. "గట్ల సదివితె ఏం మిగుల్తదే? వారమంత మతిల తిరుగాలె గద" అనేది.

నేను రాయడం మొదలుపెట్టాక కూడా నా జీవితం బయటికి చూస్తే ఏమీ మారలేదు. సూర్యాపేట దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. లీజర్ పీరియడ్‌లో స్టాఫ్ రూమ్ చివరి టేబుల్ మీద, లెక్కల సారు గురక మధ్య నాలుగు పేరాలు రాస్తాను. మర్నాడు వాటిలో మూడు కొట్టేస్తాను. పిల్లలు ఏం చదువుతున్నారో తెలుసుకోవడానికి వాళ్ల బ్యాగుల్లోంచి బయటపడే దయ్యాల కథలన్నీ చదువుతాను, చదివి భయపడతాను కూడా. నవలా రచయిత్రి దినచర్య అంటే ఇంతే. ఇందులో చెప్పుకోదగ్గ రోజు ఆదివారం ఒక్కటే. అత్తమ్మకు షుగరు వల్ల చూపు మందగించి, అక్షరాలు చీమల్లా పాకుతున్నాయని అద్దాలు తీసి పక్కన పెట్టేసింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ వారం రాసిన అధ్యాయం పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కేదాన్ని.

ఆ ఇల్లు రైస్ మిల్లుల వైపు ఉండేది. ఉడికిన వడ్ల వాసన గోడలకు కూడా పట్టి ఉండేది. ఊక బూడిద నల్లగా రాలి, ఆరేసిన తెల్ల చీర మీద పడితే అత్తమ్మ మిల్లు యజమానులను యేసుప్రభువు క్షమించే హద్దుల్లోనే తిట్టేది. కిటికీ కింద మంచం మీద ఆమె, ఎదురుగా స్టూలు మీద నేను. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో మా మామయ్య. మిల్లులో గుమాస్తాగా పనిచేసి మానేసిన మనిషి, రోజుకు పది మాటలు దాటనివాడు. పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన వింటున్నాడో లేదో మాకెప్పుడూ తెలియలేదు, మేమూ అడగలేదు.

అప్పుడు నేను రాస్తున్నది మేళ్లచెరువు పిల్ల కథ. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుంటుంది. తండ్రి సిమెంటు లారీ డ్రైవరు. ఒకసారి లోడు వేసుకుని పోయినవాడు మళ్లీ ఇంటికి రాడు. లారీ ఓనరు దగ్గరికి లారీ తిరిగొచ్చింది, మనిషి రాలేదు. ఆ పిల్ల తండ్రిని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. అంతవరకే నాకు తెలుసు. ముందే అంతా అనుకుని రాయడం నాకు రాదు, అత్తమ్మకు అసలే నచ్చదు. "నీకే ఎరుక లేకుంటె నాకు మజా ఉంటది" అనేది. తనకు తోచింది కూడా చెప్పేది. "గా ఓనరు మంచోడు గాదు, సూడు నువ్వు. గట్ల నవ్వేటోడు మంచోడెట్లయితడు?" అంది ఒక ఆదివారం. అప్పటిదాకా నా ఉద్దేశంలో అతను మంచివాడే. బస్సులో తిరిగొస్తూ ఆలోచిస్తే ఆమె మాటే సరనిపించింది. ఆ వారం అతన్ని చెడ్డవాణ్ని చేశాను.

కథ సగానికి వచ్చేసరికి అత్తమ్మకు అన్నం సహించడం మానేసింది. హైదరాబాద్ తీసుకుపోయారు. కడుపులో గడ్డ అన్నారు, ఆలస్యమైందన్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మేమంతా ఆమెకు చెప్పకుండా దాచాలని గుసగుసలు మొదలుపెట్టాం. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి దగ్గర రిపోర్టులు దాచడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. "ఎన్ని దినాలు జెప్పిండు డాక్టరు? నేనైతె ఎండాకాలం సూడననుకుంటున్న" అని తనే అడిగి, తనే జవాబు చెప్పుకుంది. మామయ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడ్సుడు తర్వాత, ముందుగాల సదువు" అంది.

ఆ వారం నేను సెలవు పెట్టి, నిద్ర మానేసి రెండు అధ్యాయాలు రాశాను. మనసులో లెక్క మొదలైంది కదా. కథ ఇంకా చాలా ఉంది, ఆమె దగ్గర వారాలు లేవు. ఆ పిల్లకు తండ్రి దొరికాడో లేదో తెలియకుండా అత్తమ్మ పోకూడదు. నాకు వేరే ప్రార్థన ఏదీ లేకుండా పోయింది. ఆదివారం మొదటి అధ్యాయం చదివేసి, ఆపకుండా రెండోది ఎత్తుకున్నాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"గదేంది? ఇంకోటి ఉన్నదా?"

"ఉంది అత్తమ్మా, రాసినా. ఇది కూడా వినరాదు?"

"వద్దు. వచ్చే ఆయితారం."

"అత్తమ్మా, మల్ల…"

"మల్లేంది? నేను ఉంటనో ఉండనో అనా?" అని నవ్వింది. "గిది గూడ ఇయ్యాలనే ఇనేస్తె వారమంత నేనేం జెయ్యాలె? మంచంల పండుకోని నొప్పి లెక్కవెట్టుకోవాల్నా?"

నేను కాగితాలు సంచిలో పెట్టేశాను. బస్టాండు దాకా దింపడానికి వచ్చిన మామయ్య నా సంచి తనే మోశాడు. బస్సు కదిలేటప్పుడు, "శుక్రవారం సంది నీ గురించే అడుగుతది బిడ్డా, ఏ బస్సుకొస్తదని" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. డాక్టర్లు ఆమెకు రాసిచ్చినవన్నీ నిద్రపుచ్చే మందులు. ఆమెను మెలకువగా ఉంచుతున్నది రాబోయే ఆదివారం ఒక్కటే. ఆమెకున్న ఆ ఒక్కదాన్నీ నేను తొందరపడి ఖర్చు పెట్టబోయాను. ఇక అప్పటి నుంచి వారానికి ఒకటే రాశాను, ఒకటే పట్టుకెళ్లాను. లోపల భయం ఉన్నా అలాగే చేశాను. రెండు మూడు వారాలు ఆమె కొంచెం తేరుకుంది కూడా. మజ్జిగ తాగుతోంది, మిల్లుల వాళ్లను తిడుతోంది అని మామయ్య ఫోన్‌లో చెబితే, నా నవల వల్లే అని స్టాఫ్ రూమ్‌లో గర్వపడ్డాను. రాసేవాళ్లకు ఇట్లాంటి పిచ్చి ఉంటుంది.

పదో తరగతి పరీక్షలకు ముందు వచ్చిన ఒక ఆదివారం. నేను వెళ్లేసరికి ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. భుజం చిన్నపిల్ల భుజంలా అయిపోయింది. నన్ను చూసి లేచి కూర్చోబోయింది గానీ చేత కాలేదు. అధ్యాయం చదివాను. మేళ్లచెరువు పిల్ల తండ్రి జాడ తెలుసుకుని పెద్దవూర దాకా వచ్చి, బస్సు దిగి, ఒక ఇంటి ముందు నిలబడటం దగ్గర అది ఆగిపోతుంది. లోపల ఎవరో దగ్గారు. అక్కడితో ఆపి, కాగితాలు మడుస్తున్నాను.

"ఇంకోటి సదువు బిడ్డా" అంది అత్తమ్మ.

గుమ్మం దగ్గర పేపరు కిందికి దిగింది. మామయ్య నా వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మనిషి అడిగింది. అడిగిందంటే ఏమిటో ఆ గదిలో ముగ్గురికీ తెలిసింది.

"రాయలేదు అత్తమ్మా," అన్నాను. మడిచిన కాగితాలు చూపించాను. "ఒక్కటే రాసుకొచ్చినా."

"రాయకుంటేంది? నోటితోని జెప్పు. లోపట ఉన్నది వాళ్ల నాయినేనా?"

నేను స్టూలు జరుపుకుని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. నేను రాసేటప్పుడు ఒక్కో వాక్యానికి ఒక్కో టీ తాగే మనిషిని. ఆ మధ్యాహ్నం మాటలు వాటంతట అవే వచ్చాయి. తలుపు తీసింది తండ్రేనని చెప్పాను. గడ్డం పెరిగి ఉందని, కూతుర్ని గుర్తుపట్టి కూడా కాసేపు గుర్తుపట్టనట్టే నిలబడ్డాడని చెప్పాను. పిల్ల తిట్టలేదు, ఏడవలేదు, "ఇంటికెందుకు రాలే నాయినా?" అని మాత్రం అడిగింది. దానికి అతను ఒక మాట చెప్పాడు. ఒక్కటే మాట, చాలా చిన్నది. అది వినగానే అత్తమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. ఆమె ముఖంలో నొప్పి పోయి, వెనకటి దవాఖాన రోజుల్లో ఎవరికో కాన్పు సుఖంగా చేసి ఇంటికొచ్చినప్పటి నవ్వు వచ్చింది. "గంతే. గదే అంటడు" అంది. కళ్లు మూసుకుంటూ, "గిట్లనే రాయి. మార్చకు" అని నిద్రపోయింది.

సరేనన్నాను. మర్చిపోయే మాటా అది! సోమవారం, మంగళవారం స్కూల్లో ప్రీఫైనల్ పేపర్లు దిద్దే పని. తీరిగ్గా కూర్చుని రాద్దామనుకున్నాను. బుధవారం పొద్దున మామయ్య ఫోన్ చేశాడు.

సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాం. నలభయ్యో రోజు ప్రార్థన కూడా అయిపోయింది. అప్పుడు కూర్చున్నాను రాయడానికి. తలుపు గుర్తుంది, గడ్డం గుర్తుంది, పిల్ల అడిగింది గుర్తుంది. తండ్రి చెప్పిన ఆ మాట ఒక్కటి లేదు. చెప్పేటప్పుడు నా చెవులు ఆమె ఊపిరి మీద ఉన్నాయి కాబోలు, నా నోట్లోంచి వచ్చింది నేనే వినలేదు. ఎన్ని కాగితాలు చింపానో. ఏది రాసినా మంచి వాక్యంలాగే ఉంటుంది, ఆమె నవ్వే వాక్యంలా ఉండదు. చివరికి మిర్యాలగూడ వెళ్లి మామయ్యను అడిగాను. "ఆ రోజు మీరూ ఉన్నరు గద మామయ్యా. ఆ నాయిన ఏమన్నడు? నేనేం చెప్పినా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగా వెతికాడు, నాకు కనపడింది. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"నేనేడ ఇన్న బిడ్డా? మీ అత్తమ్మ నవ్వవట్టె. నేను గామె మొకమే సూస్కుంట కూసున్న."

పుస్తకం అచ్చయింది. ఆ చోట ఇంకేదో జవాబు ఉంది. చదివిన పిల్లలు అదే బాగుందంటారు, కోదాడలో కూడా ఒకరిద్దరు అన్నారు. తలూపి ఊరుకున్నాను. కాలం మా అత్తమ్మను బుధవారం తీసుకుపోయింది గానీ, ఆమె నవ్విన ఆ మాటను మాత్రం ఆదివారమే, మేం ముగ్గురం చూస్తుండగానే తీసుకుపోయింది.