సున్నా దగ్గర నిలబడ్డ బొల్లి

మా కంప్యూటరు సారు పోయారు. పూజ ముగించి లేస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సారు ఇగ లేడే" అన్నాడు. నేను మళ్లీ దీపం ముందే కూర్చున్నాను. ఆయన గురించి మీకు చెప్పాలంటే ఒక పొద్దు గురించి చెప్పాలి.

తొంభైల చివర. కట్టంగూర్ దగ్గర మా ఊరు. డిగ్రీ అయ్యాక నల్లగొండలో కంప్యూటరు సెంటరుకు పోతున్నాను. ఆ పొద్దున అవ్వ, అంటే మా అమ్మ, వాకిలి ఊడుస్తోంది. నేను తులసికి నీళ్లు పోస్తున్నాను. బాపు దొడ్డి తడిక కొంచెం తెరిచాడు. రోజూ ఒక్కో గొర్రె వీపు తడుతూ "లాభం, రెండు, మూడు" అని మందను వదులుతాడు. మొదటిదాన్ని మాలో ఒకటి అనరు, లాభం అంటారు. ఆ మాట ఎప్పుడూ మందకు ముందు నడిచే మా గొర్రె బొల్లిది. ఆ పొద్దున బొల్లి రాలేదు. బాపు చెయ్యి గాలిలోనే ఆగింది.

"రాత్రిసంది నెమరేస్తలేదు. నల్లగొండ పశువుల దవాఖానల మందు తెస్త. అట్లనే నీ సెంటరు గూడ చూస్త. నా మనసుకు ఒప్పకుంటె రేపటిసంది బంద్" అన్నాడు.

బస్సులో దారంతా దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను.

సారు నెమ్మదైన మనిషి. పాఠానికి ముందు రుమాలుతో తెర తుడిచేవారు. చాయ్ సగం తాగి మరిచిపోయేవారు. మా ఇంటి సంగతులతోనే వెబ్ పేజీ చేయమనేవారు. నేను బొల్లితో మొదలుపెట్టి మా గొర్రెల పేర్లు వరుసగా రాశాను. ఆ వరుసంతా ఒక్కొక్కటిగా చూపించడానికి లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం, రాయాలి. "ఏడ షురువో, ఏడ ఆగాలో చెప్పకుండ ఎవల్నీ పనికి తోలొద్దమ్మా, మిషన్నైనా" అనేవారు. ఒక్క బొల్లికే రంగు, ఈడు, ఈతలు అని రాసుకుంటే, అక్కడ వరుస అంకెలు పనికిరావు, ఒక్కో గుణాన్ని పేరు పెట్టి పిలవాలని చెప్పేవారు.

మధ్యాహ్నం బాపు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మందు సీసా తువ్వాలలో చుట్టుకుని నా వెనక నిలబడ్డాడు. నేను మీట నొక్కాను. నల్లచెవి, కొమ్ముది, ఎర్రది... పేర్లు వరుసగా దిగాయి.

"బొల్లేది?"

ఇంటి దగ్గర బొల్లి ప్రాణం పోయిందనే అనుకున్నాను.

"గీ డబ్బకు గూడ ఎరుకైనట్టుంది. లే బిడ్డా, ఇంటికి పోదాం."

సారు నవ్వలేదు. "పెద్దాయినా, మీరు మందను ఎట్ల లెక్కవెడ్తరు?"

"లాభం, రెండు, మూడు."

"మొదటిదాన్ని మీరు ఒకటి అనరు గద. గీ మిషను గూడ అనది, సున్నా అంటది. మీ బిడ్డ ఒకటికాడ షురు జేసింది. బొల్లి ఏడికీ పోలె, సున్నా కాడ నిలబడ్డది."

నాతో ఒకటి తీయించి సున్నా పెట్టించారు. బొల్లి పైకొచ్చింది. బాపు ఆ పేరును వేలితో తడిమాడు. తెర మీద మరక పడినా సారు ఏమీ అనలేదు.

"గీ ముక్క ముందుగాల జెప్పొద్దా సారూ, నా పానం వాయె!" అన్నాడు బాపు. అప్పుడు నవ్వారు సారు.

తర్వాత ఏళ్ల తరబడి నేనూ ఆ పాఠమే చెప్పి బతికాను. రోజూ దేవుడి ముందు మావాళ్ల పేర్లు వరుసగా తలుచుకుంటాను. మొదటి పేరు సారుది. ఇప్పుడు ఆ చోట ఎవరిని నిలబెట్టాలో తెలియక భయమేస్తోంది. అందుకే సెంటరు నుంచి ఇంటికొచ్చిన ఆ రోజు సాయంత్రం గుర్తొస్తోంది.

బాపు బొల్లికి గొట్టంతో మందు పోశాడు. మేమంతా బొల్లి చుట్టూ కూర్చున్నాం. పొద్దు గూకే ముందు దాని దవడ ఒక్కసారి కదిలి ఆగింది. మళ్లీ కదులుతుందేమోనని చూస్తూనే ఉన్నాం.

"పిల్లను రేపు పంపుతవా?" అంది అవ్వ.

"పోనీ. సారు మంచోడు" అన్నాడు బాపు.

తమ్ముడు అడిగాడు: "మరి రేపు లాభం ఎవలు, బాపూ?"

బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. బొల్లి లేచేదాకా ఇంకో గొర్రెను ఆ మాటతో పిలవొద్దని, తడిక దగ్గర ముందు ఊరికే గాలిలో చెయ్యి తట్టి, రెండు నుంచి లెక్కపెట్టాలని మా ఇంట్లో నిర్ణయించారు.