గొళ్లెం వదిన

బట్టల ఫ్యాక్టరీకి ఆడవాళ్లని చేరవేసే ఆ పాతకాలపు వ్యానుకి పక్కకి జరిపే తలుపు. దాని గొళ్లెం ఎప్పుడో చెడిపోయింది. బాగుచేయించమంటే మేనేజరు ఒక నైలాను తాడు ఇప్పించాడు. "ఆ కాజాలు కుట్టే ఆవిడ కాస్త బొద్దుగా ఉంది కదా, తలుపు దగ్గర కూర్చోబెట్టండి. పట్టుకుంటుంది" అన్నాడు. ఆవిడ వెళ్లి తాడు చేతికి చుట్టుకుని కూర్చుంది. ఆవిడ ఆడపడుచుదీ అదే వ్యాను, అదే పని. గొళ్లెం వదిన అన్న పేరు పెట్టింది ఆ పిల్లే.

"వదినా, నీకు తుమ్మొస్తే మా గతేంటి?"

"ముందే చెప్తాలే. నువ్వు దూకేద్దువుగాని."

అందరూ నవ్వేవాళ్లు. తనూ నవ్వేది. తాడు చుట్టుకున్న చెయ్యి మాత్రం చెమటతో తడిసి ముద్దయ్యేది. మలుపొస్తే చాలు, తాడుని ఇంకో చుట్టు బిగించేది. ఇంట్లో గిన్నెలు తోముతున్నా ఆ పిడికిలి దానంతటదే బిగుసుకునేది.

ఓ పొద్దున వంతెన దిగే మలుపులో తలుపు ఒక్కసారిగా బయటికి వాలిపోయింది. భుజం ఊడొచ్చినంత పనైంది. ఆవిడ పాదాల పక్కనే రోడ్డు గిర్రున పరిగెడుతోంది.

"బాబాయ్! ఆపు, ఆపు!" ఆడపడుచు వదిన నడుం వాటేసుకుని వెనక్కి లాగింది. డ్రైవరు బాబాయ్ బండి ఆపాడు. ఎవరూ పడలేదు.

సంగతి విని మేనేజరు, "తాడు తెగలేదుగా? ఇంకా లావుపాటిది ఇప్పిస్తాలే" అన్నాడు.

ఎదురు చెప్పాలనుకుంది వదిన. పనిలోంచి తీసేస్తే? పోనీ, రేపు మళ్లీ ఆ మలుపు? తాడు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. "తలుపు బాగయ్యేదాకా నేను ఎక్కను" అంది. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం. వెనక నుంచి ఆడపడుచు, "నేనూ ఎక్కను" అంది. ఆ తర్వాత ఎవరెవరన్నారో లెక్కలేదు. మేనేజరు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

బాబాయ్ పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, అదే రకం బండి నుంచి తీసిన చక్రాలూ గొళ్లెమూ పట్టుకొచ్చాడు. సెలవు రోజున నలుగురూ కలిసి తలుపు దించారు. అది జరిగే పట్టాలోంచి రంగురంగుల గుడ్డపీలికలు బయటపడ్డాయి.

"ఇవి మన కటింగు ముక్కలే కదే!" అంది వదిన.

తలుపు గడగడమంటుంటే కునుకు పట్టడం లేదని వాళ్లే కుక్కారు. చప్పుడు ఆగిందని మురిసిపోయారు కూడా. ఆ పీలికలే చక్రానికి చుట్టుకుని దాన్ని సగానికి అరగదీశాయి. దాన్ని మోసే ఇనుప చెయ్యి పగిలి ఉంది.

"అది అరిచి మొత్తుకుంది. మీరు నోట్లో గుడ్డలు కుక్కారు" అన్నాడు బాబాయ్.

వదిన తన మణికట్టు మీది తాడు గుర్తుల వంక చూసుకుంది.

పట్టా కిరసనాయిలుతో కడిగారు. పైనా, మధ్యలో, కిందా చక్రాలు మార్చారు, గొళ్లెం బిగించారు. తలుపెక్కిస్తే కింది మూల గీసుకుంటోంది. మరలు వదులుచేసి, వెంట్రుకవాసి లేపి మళ్లీ బిగించాడు బాబాయ్. ఈసారి తలుపు జారుకుంటూ వచ్చి టక్కున పడింది. ఆ చప్పుడుకి కూడా వదిన ఉలిక్కిపడింది.

మర్నాడు మళ్లీ అదే సీటు, తాడు లేదు. మలుపులో కళ్లు గట్టిగా మూసుకుంది. తలుపు కదల్లేదు.

"వదినా, ఇక నిశ్చింతగా తుమ్ముకో!"

ఆవిడకి నవ్వు రాలేదు. కళ్లు తెరిచేసరికి పక్కనుంచి ఇంకో వ్యాను దాటిపోతోంది. దాని తలుపు సందులో నీలం తాడు. తాడుకి అటు చివర ఎవరిదో చెయ్యి.

ఆ చెయ్యి ఎవరిదో మనకి తెలీదు. మీరెక్కే బండిలో, మీ పిల్లలెక్కే బండిలో తలుపు పక్కన ఎవరు కూర్చుంటున్నారో రేపు పొద్దున్నే చూడండి. చేతిలో తాడుంటే జోకులేసి ఊరుకోకండి. బాగుచేసేదాకా మేం ఎక్కం అని చెప్పండి. ఆ మాట ఆవిడ చేత ఒంటరిగా అనిపించకండి, ముందు మీరే అనండి.