ఎడమచేతి ముడి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఎత్తైన కట్టడాల చుట్టూ వెదురుబొంగులతో పరంజా కట్టేవాణ్ణి. కాలికింది బొంగు జారుతుందేమోనన్న భయం తప్ప నాకు వేరే భయం ఉండేది కాదు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం ఆ భయమే నిజమైంది. బొంబాయిలోని వర్లిలో పనిచేస్తుండగా జారిపడితే ఇనుప చువ్వ తొడలో లోతుగా దిగింది. ఆపరేషన్ చేసి, లోపల తెగినవన్నీ కలిపి కుట్టారు. కుట్లు విడితే కాలు దక్కదు, లేవొద్దని చెప్పి పంపారు. కాలు లేనివాడికి పరంజా మీద ఏం పని?

కామాటిపురాలో మా ఖోలీ ఒక్కటే గది. పాలమూరు నుంచి వచ్చిన కూలీలం అందరం అందులోనే సర్దుకునేవాళ్ళం. పొద్దున్నే వాళ్ళు పనికి పోతే నేనూ నాలుగు గోడలూ మిగిలేవాళ్ళం. కింద ఫోరస్ రోడ్డు మీద లోకమంతా అరుస్తూ తిరిగేది. నన్ను పలకరించే దిక్కు లేదు. అంత జనం మధ్య ఒక్కణ్ణే పడి ఉంటే ఏడుపొచ్చేది.

నేను పడుకున్న మూల అంతకుముందు బాలయ్య మామది. నాకు పని నేర్పింది ఆయనే. జ్వరంతో ఆ మూలలోనే పోయాడు. ఆయనది ఎడమచేతి వాటం, తాడు మెలిక కూడా ఎడమవైపుకే తిప్పేవాడు. ఆయన వేసిన ముడి విప్పాలంటే మాకు తలప్రాణం తోకకొచ్చేది. "నేనున్న గదరా, మీకేం తిప్పలు" అని నవ్వేవాడు.

మా ఖోలీలో ఆఖరున పోయేవాడు తాళం వేయాలి. ఒకరోజు మా ఊరి నర్సింలు, లోపల నేనున్న సంగతే మరిచి, అలవాటుకొద్దీ బయట తాళం వేసి పోయాడు. మధ్యాహ్నం నీళ్ళు అయిపోయాయి. పక్కగది వాళ్ళని పిలుద్దామని గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. తలుపు రాలేదు. గట్టిగా లాగేసరికి తొడలో ఏదో పుటుక్కుమంది. నెత్తురు పాదం దాకా కారింది. అరిచాను. ఎవరూ రాలేదు. ఇక కాలు పోయినట్టేననుకుంటూ అక్కడే పడిపోయాను.

మెలకువ వచ్చేసరికి నర్సింలు పక్కన కూర్చుని ఉన్నాడు. నేను మూలలో, నా చాప మీదే ఉన్నాను. నాకు అందని ఎత్తులో దండెం మీద ఆరేసిన తువ్వాలు నా తొడకు బిగించి కట్టి ఉంది. నెత్తురు ఆగింది.

"గల్తీ నాదేరా, తాళం ఏసి పోయిన. ఇప్పుడే తీసిన. ఇది ఎవలు గట్టిన్రు?" అన్నాడు. విప్పబోయి ఆగిపోయాడు. "మామ ముడి గదరా ఇది."

ఆసుపత్రిలో ఆ ముడి విప్పలేక తువ్వాలు కత్తిరించారు. మళ్ళీ కుట్లు వేశారు. కాలు దక్కింది.

స్పృహ లేనప్పుడు నేనే కట్టుకున్నానేమోనని ఎన్నోసార్లు ప్రయత్నించి చూశాను. నా చేతికి ఆ ముడి రాదు. నర్సింలుకీ రాదు. వాడు తిరిగొచ్చి తలుపు తీసేదాకా తాళంచెవి వాడి జేబులోంచి బయటికి రాలేదు. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

గాయం మానాక కూడా, ఇంకా నొప్పిగా ఉందని చెప్పి కొన్నాళ్ళు ఆ మూలలోనే పడుకున్నాను. అందరూ పనికి పోయాక ఒకసారి "మామా" అని పిలిచాను కూడా. ఎవరూ పలకలేదు.