టేపు లేని గీత

గోడ రంగూ సీలింగు తెలుపూ కలిసేచోట ఆమె టేపు వేసేది కాదు. మిగతా పెయింటర్లు అంచు పొడుగునా కాగితపు టేపు అంటించి, రంగు వేసి, ఆరాక ఊడదీస్తారు. ఆమె నిచ్చెనెక్కి, తల వెనక్కి వాల్చి, ఏటవాలు బ్రష్షుతో ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత లాగేసేది. తండ్రి నేర్పిన పని. తండ్రి పోయాక ముఠాను తమ్ముడు నడుపుతున్నాడు. ఇళ్లు ఒప్పుకునేది అతను, గీతలు మాత్రం ఆమెవి. అందరూ సీలింగక్క అని పిలిచేవాళ్లు. ఎవడైనా సంచిలోంచి టేపు బయటికి తీస్తే, "ఇల్లేమైనా పార్సిల్ కడుతున్నావట్రా?" అనేది.

ఏళ్ల తరబడి అలా వాల్చీ వాల్చీ చివరికి మొరాయించింది ఆ మెడే. కుడి భుజం నుంచి బొటనవేలి దాకా కరెంటు తీగ లాగినట్టు నొప్పి మొదలైంది. కొన్ని వారాలకు నొప్పి తగ్గింది, దాంతోపాటు చేతి పట్టూ పోయింది. పట్టు పోవడమే ఎక్కువ ప్రమాదమని ఆమెకు తెలియదు. నొప్పి పోయిందని సంబరపడి, టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకుంది.

ఎవరికీ చెప్పలేదు. ఒక కొత్త మేడలో పని చేస్తుండగా బ్రష్షు మాటిమాటికీ జారిపోసాగింది. తోటి పెయింటరు సంచిలోంచి టేపు చుట్ట తీసుకుని, బ్రష్షు కాడను అరచేతికి వేసి చుట్టేసుకుంది. పైకి కనబడకుండా చొక్కా చేతులు కిందికి లాక్కుంది. గీత నిలబడింది. నిచ్చెన నిలబడలేదు. దాని కాలు కాస్త జరగగానే పట్టుకుందామని కుడిచెయ్యి చాపింది కానీ అది తెరుచుకోలేదు. ఎడమచేత్తో కిటికీ కడ్డీ పట్టుకుని వేలాడుతుంటే తమ్ముడు పరుగెత్తుకొచ్చి దించాడు.

నేలమీద కూర్చోబెట్టి టేపు విప్పాడు. పక్కన పడున్న చుట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచే అక్కా?"

"ఇదిగో, ఇవాళే."

"చుట్ట సగం అయిపోయింది. అబద్ధమాడినా అతికేట్టు ఆడు."

ఆస్పత్రికి భర్త తీసుకెళ్లాడు. అతను లారీ డ్రైవరు. నడుములో జారిన డిస్కు ముక్కను తీయించుకుని మళ్లీ స్టీరింగు పట్టినవాడు కాబట్టి, వెన్నెముక విషయాల్లో తానే పెద్దననుకుంటాడు.

డాక్టరమ్మ స్కాన్ ఫిల్మును వెలుతురు పలక మీద పెట్టి చూపించింది. మెడలో రెండు ఎముకల మధ్యనున్న మెత్తటి బిళ్ల పొంగి, చేతికి వెళ్లే నరాన్ని నొక్కుతోంది. బలం తగ్గుతోంది కాబట్టి ఇంక మందులతో కాలక్షేపం చేయొద్దంది. గొంతు పక్కన గాటు పెట్టి, ఆ డిస్కు తీసేసి, ఖాళీలో చిన్న దిమ్మ పెట్టి, ప్లేటూ స్క్రూలూ బిగిస్తారు. కొన్ని నెలలకు రెండెముకలూ ఒకటైపోతాయి.

"నొప్పి వెనకైతే కోత ముందా?" అన్నాడు భర్త. "నాకు వెనకనుంచే తీశారే!"

"మీ నడుము దగ్గర ఉన్నది నరాల కట్ట. కొంచెం పక్కకి జరిపి ముక్క తీసెయ్యొచ్చు. మెడలో వెన్నుపాము ఉంటుంది, దాన్ని జరపకూడదు. అందుకే ముందునుంచి వెళ్తాం. చాలా చోట్ల నలిగి ఉంటే వెనకనుంచి ఎముక కొంత తీసి చోటు చేస్తాం. ఈవిడకి నలిగింది ఒక్కచోటే."

"కదిలే డిస్కులు కూడా పెడతారటగా?" అంది ఆమె.

"పెడతాం. కానీ మీ మెడ కీళ్లు ఇప్పటికే అరిగాయి. మీకు అది పనికిరాదు. గొంతు కొన్నాళ్లు బొంగురుపోవచ్చు, మింగడం కష్టం కావచ్చు. వేలి తిమ్మిరి పూర్తిగా పోతుందని మాటివ్వలేను."

"గొంతు సంగతి మాత్రం తొందరేం లేదు డాక్టరుగారూ, నెమ్మదిగానే రానివ్వండి," అన్నాడు భర్త.

ఆమె నవ్వలేదు. "తల పైకెత్తగలనా?"

"బిగుసుకుపోయేది ఒక్క కీలే కాబట్టి పెద్ద తేడా తెలియదు. కానీ రోజంతా పైకి చూస్తూ ఉంటే దాని పైదీ కిందదీ అరుగుతాయి. సీలింగు పని మానెయ్యమనే చెబుతాను."

"తెలుపు వేరేవాళ్లు వేస్తారు. నాది అంచు గీత ఒక్కటే. గోడగోడకీ దిగి మెడకి విశ్రాంతినిస్తాను."

డాక్టరమ్మ ఫిల్ము తీసి కవర్లో పెట్టింది. "ఎముక అతికిందని నేను చూశాక అడగండి."

ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చాడు. "మెడ మీద కత్తి పెట్టించుకుంటావా? చెయ్యో కాలో పడిపోతే? హాయిగా డబ్బాల దగ్గర కుర్చీ వేస్తాను. రంగులు కలుపు. కూలి పైసా తగ్గించను."

"చెయ్యి పడిపోయేది ఊరుకుంటేనేరా. డబ్బాల దగ్గర కూర్చుని ఏం చెయ్యమంటావ్? మీ వంకర గీతలు చూసుకుంటూ కుళ్లిపోనా?"

"బావా, నువ్వైనా చెప్పు."

"నా మాట వినే మనిషైతే లారీ ఎందుకు తోలతాను? ఇంట్లోనే ఉండేవాణ్ణి," అన్నాడు బావ, పళ్లెం ముందుకు జరుపుకుంటూ.

"నాన్న ఇచ్చింది అదొక్కటే," అంది ఆమె. "ముఠా నీకిచ్చాడు. నేను అడిగానా? గీత మాత్రం నాది. దాన్ని నీ జాలికి వదలను."

తమ్ముడు కంచం ముందు కూర్చోకుండానే వెళ్లిపోయాడు. ఆపరేషను రోజు మాత్రం అందరికంటే ముందొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాడు. స్ట్రెచరు మీద లోపలికి వెళ్తూ ఆమె వరండా సీలింగు చూసింది. "టేపు వేశారు, అయినా కారింది," అంది నర్సుతో.

గొంతు తొందరగానే వచ్చింది. మెడపట్టీ తీసెయ్యమన్నారు. వేళ్లు మొండికేశాయి. తడి పిండి పిసికింది, బట్టలు పిండింది, సీసా మూతలు తిప్పింది. పట్టు వచ్చింది. బొటనవేలి కొసన తిమ్మిరి అలాగే ఉండిపోయింది. ఎముక అతికిందని డాక్టరమ్మ చెప్పగానే, అంచు గీత సంగతి మళ్లీ అడిగి, గోడగోడకీ దిగాలన్న మాట మీద ఒప్పించుకుని బయటపడింది.

ఆమె వెళ్లేసరికి తమ్ముడి ముఠా ఒక ఇంటి ముందుగదిలో ఉంది. సీలింగు తెల్లగా ఆరి ఉంది. దాని అంచున నాలుగువైపులా టేపు.

"ఈ ఒక్క గదికేలే అక్కా," అన్నాడు తమ్ముడు, ఆమె మొహం చూడకుండా. "అలవాటయ్యేదాకా."

ఆమె నిచ్చెనను గోడకు దూరంగా జరిపించింది, తల ఎక్కువ వాల్చక్కర్లేకుండా. ఎక్కి, టేపు కొస పట్టుకుని లాగింది. గది పొడుగునా చర్రుమంటూ ఊడొచ్చింది. ఉండ చేసి కిందికి విసిరేస్తే తమ్ముడి చెప్పుల మీద పడింది.

బ్రష్షు ముంచి మూల నుంచి మొదలెట్టింది. గీత తిన్నగా వచ్చింది. కిటికీ దాటాక తిమ్మిరి వేలు మోసం చేసింది. రంగు వేలెడంత మేర తెలుపులోకి పొంగింది. తమ్ముడు తడిగుడ్డ పట్టుకుని నిచ్చెన దగ్గరికొచ్చాడు.

"తుడిచేస్తాను, దిగు."

"ముట్టుకున్నావంటే ఊరుకోను. తెలుపు డబ్బా అందుకో. నేనే దిద్దుకుంటాను."

అతను గుడ్డ భుజాన వేసుకుని డబ్బా అందించాడు. ఆమె దిద్దింది. మిగతా గోడ పూర్తి చేసి, మాటిచ్చినట్టే దిగింది. మెడ నిమురుకుంది.

"నిచ్చెన ఆ గోడకి మార్చు," అంది. "టేపు అక్కడా పీకెయ్యి."

తమ్ముడు నిచ్చెన మార్చి, ముందు తనే ఎక్కి టేపు పీకాడు.