తాళం చోటు

బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఆవిడని అందరూ రాక్షసులక్క అనే పిలుస్తారు. కోపంతో కాదు లెండి. ఆవిడ రాసే నవలల నిండా రెక్కల మృగాలూ, నడిచే కొండలూ, అలిగే నదులూ ఉంటాయి. పగలంతా టికెట్లు, వంటయ్యాక నవలలు. ఇవన్నీ ఎక్కడ తడతాయమ్మా అని ఎవరడిగినా తన బుర్ర మీద వేలితో కొట్టి చూపిస్తుంది. అంత ధీమా మనిషి!

అలాంటి మనిషి బుర్ర ఇప్పుడు మొరాయించింది. ఆఖరి అధ్యాయం దగ్గర కథ అడ్డం తిరిగింది. నవల్లో ఒక మహామృగం సూర్యుణ్ణి మింగేసి ఊరి మొగదల కూర్చుంది. దాన్ని చంపితే కడుపులో ఉన్న సూర్యుడూ చస్తాడు. చంపకపోతే ఊరంతా చీకటే. తను వేసిన ముడి తనే విప్పలేకపోతోంది. పబ్లిషరు ఊరుకునే ఘటమా? రేపు సాయంత్రానికి ముగింపు చేతికి రాకపోతే తన బావమరిది చేత రాయిస్తానన్నాడు. ఆ బావమరిది కాచుక్కూర్చున్నాడు కూడానూ. మృగాన్ని ముక్కలుగా నరికేస్తాడట, సూర్యుడి సంగతి చదివేవాళ్లే చూసుకుంటారట! ఆ మాట విన్నప్పటి నుంచీ రాక్షసులక్కకి అన్నం సయించడం లేదు. ఇన్నాళ్లు పెంచిన కథ పరాయివాడి చేతిలో పడుతుందంటే ఏడుపొస్తోంది.

ఆ మధ్యాహ్నం అచ్చయిన అట్టలు వచ్చాయి. అట్టలెప్పుడూ కథ కన్నా ముందే అచ్చవుతాయి. రంగుల ప్రెస్సువాడు నాలుగైదు పుస్తకాల అట్టలు ఒకే పెద్ద కాగితం మీద కొట్టేస్తాడు, ఎవరి కోసమూ ఆగడు. బొమ్మ వేసింది ఆవిడ మరిది. దుకాణాల షట్టర్ల మీద బొమ్మలు వెయ్యడం అతని పని. వదిన నవలలకి మాత్రం ముచ్చటపడి వేస్తాడు.

కట్ట విప్పి చూస్తే మృగం అదిరిపోయింది. ప్రతి పొలుసూ మెరుస్తోంది, ఆ చూపుకి పిల్లలు జడుసుకోవడం ఖాయం. కానీ గుండెల మీద, సరిగ్గా నడిమధ్యన, వేలి గోరంత చదరం తెల్లగా ఉండిపోయింది. అక్కడ రంగే పడలేదు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. క్యూలో వాళ్లని ఆగమని, మరిదికి ఫోన్ చేసి, కళ్లెక్కడ పెట్టుకుని వేశావని చెడామడా దులిపేసింది.

"చెయ్యి అలవాటు వదినా," అన్నాడు మరిది నీళ్లు నములుతూ. "షట్టరు మీద తాళం పడే చోట రంగు వెయ్యం. వేసినా రాపిడికి ఊడిపోతుంది. కాగితం మీద కూడా అలాగే వదిలేసినట్టున్నాను."

తాళం అన్న మాట వినగానే ఆవిడ తలెత్తి చూసింది. రోడ్డవతల, కిటికీకి సరిగ్గా ఎదురుగా, బల్బుల కొట్టు. దొంగలు హడలిపోయేలా ఏదైనా వెయ్యమని కొట్టాయన అడిగితే, ఆ షట్టరు మీద ఎప్పుడో ఒక మృగాన్ని వేశాడు మరిది. దాన్ని రోజూ చూసీ చూసీ మొదలెట్టిందే ఈ నవల. భోజనానికి వెళ్లిన కొట్టాయన అప్పుడే తిరిగొచ్చాడు. జేబులన్నీ తడుముకుని తాళంచెవి పట్టుకున్నాడు. మృగం గుండెల దగ్గర వంగి తాళం తీశాడు. రెండు చేతులా పైకి తోశాడు. అంత మృగమూ గడగడమంటూ చుట్టుకుని పైకి వెళ్లిపోయింది. ఎవరూ నరకలేదు, రక్తం చుక్క కారలేదు. ఆయన లోపలికెళ్లి స్విచ్చి వెయ్యగానే బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి.

రాక్షసులక్క కుర్చీలోంచి లేచిపోయింది.

"దాన్ని చంపక్కర్లేదు అబ్బాయ్," అంది ఫోన్లో. "తెరవాలి."

"మరి తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది వదినా?"

అది రాశాక చదువుకోమని పెట్టేసింది. ఆ కంగారులో ఒక పెద్దాయనకి ఆయన అడగని ఊరికి టికెట్టు కొట్టి, తిట్లు తిని, నవ్వుతూ మార్చిచ్చింది. ఇంటికెళ్లి మొదటి అధ్యాయం తిరగేస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. ఇంకా సూర్యుణ్ణి మింగని మృగం గుండెల మీద ఇనుప మచ్చ ఎండకి తళుక్కుమందని తనే రాసింది! షట్టరుకి వేలాడే తాళాన్ని చూస్తూ, తాళమని తెలియకుండానే రాసేసింది. ఇక కలం ఆగితే ఒట్టు.

మర్నాడు పబ్లిషరు నిలబడే చదివి, కాగితాలు బావమరిది చేతిలో పెట్టాడు. ఆ మహానుభావుడు సొంత ముగింపు సంచీలో పెట్టుకుని మరీ వచ్చాడు. చివరి పేజీ రెండుసార్లు చదివాడు. తన ముగింపు బయటికి తియ్యకుండానే సంచీ జిప్పు లాక్కున్నాడు.

మరిది ఒక షట్టరు ముందు నిచ్చెన మీద కూర్చుని చదివాడు. ఆఖరి అధ్యాయంలో వీరులందరూ కత్తి ఎక్కడ దించాలా అని మృగం చుట్టూ తిరుగుతుంటారు. అంతలో ఒకడు వస్తాడు. భుజాన నిచ్చెన, గోళ్ల నిండా రంగు మురికి. "దీన్ని గీసింది నేనే, తాళం చోటు వదిలింది కూడా నేనే" అని నిచ్చెనెక్కి, బొడ్లోంచి తాళంచెవి తీస్తాడు.

మరిది చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. తన వేళ్ల వంక చూసుకున్నాడు.

"నా గోళ్లు మరీ ఇంత మురిగ్గా ఉంటాయా వదినా?"

"ఉంటాయి," అంది కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఆవిడ. "ఆ మాట మాత్రం మార్చను."